ఉబ్బసపు రోగియు నొప్పి బిళ్ళయు

ఉబ్బసముతో బాధపడు మనుష్యునకు ఒంటినొప్పులకో, తలనొప్పికో, పంటిపోటునకో ఒక బిళ్ళ చేతికిచ్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ‘ఇంతకు మునుపు నొప్పి బిళ్ళ వేసికొన్న పిమ్మట మీకు ఆయాసము వచ్చినదా?’ ఇది అడుగుటకు అర నిమిషము చాలును. యంత్రము అక్కరలేదు, రక్తపరీక్ష అక్కరలేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఐనను మన నెల్లూరు సీమలో, మందుల అంగళ్ళలో గాని, సూదిమందు వేయు ఆర్.ఎం.పి.ల గదులలో గాని, పెద్ద ఊళ్ళలోని పంటి వైద్యుల చెంత గాని, ఈ ప్రశ్న వినబడుట అరుదు. అడుగకపోవుటకు కారణము దయలేమి కాదు. నొప్పి బిళ్ళకును ఊపిరికిని నడుమ ఏమి సంబంధమున్నదో వారికి మనసుకెక్కునట్లు ఎవరును చెప్పకపోవుటయే కారణమని నా నమ్మకము. ఆ సంబంధము రసాయన సంబంధము. గత శతాబ్దపు వైద్యశాస్త్రము ఓపికతో, పెక్కు దేశముల విద్వాంసుల శ్రమతో, ముడి వెంబడి ముడిగా విప్పిన విషయము. అది తెలిసినవానికి ఈ ప్రశ్న అడుగక ఉండుట సాధ్యము కాదు. కనుకనే దానిని కొంత విస్తరించి చెప్పబూనితిని.

దొరవారిసత్రము వంటి ఊరిని తీసికొని చూతము. చెన్నపట్టణము నుండి గూడూరునకు పోవు రైలుమార్గము మీది ఊరది. జాతీయ రహదారి చేరువనే పోవుచున్నది. ఉత్తరమున నాయుడుపేట, దక్షిణమున సూళ్ళూరుపేట, తూర్పున పులికాటు సరస్సు. వరినాట్లు, కోతలు, రొయ్యల గుంటలు, చేపల వేట, ఏ పని చూచినను నడుము వంచి, నీళ్ళలో నిలిచి, తేమకును చలికిని ఒళ్ళొగ్గి చేయవలసిన పనియే. కార్తిక మార్గశిర మాసములలో ఈశాన్య ఋతుపవనపు ముసురు పట్టినప్పుడు ఒంటినొప్పులును ఆయాసమును ఒకే ఇంట, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషియందు, కనబడును. ప్రొద్దుగూకి పని దిగివచ్చిన మనిషి అంగడికి పోయి ‘నొప్పులకు రెండు బిళ్ళలీయండి’ అనును. ఇచ్చెడువాడు ఐబ్యుప్రోఫెన్ ఇచ్చినను, డైక్లోఫెనాక్ ఇచ్చినను, ఆస్పిరిన్ ఇచ్చినను, పుచ్చుకొనువాడు పేరు చదువడు. చాలమందికి ఏ హానియు కలుగదు. నొప్పి తగ్గును, నిద్ర పట్టును. ఒకానొకరికి మాత్రము, అరగంట మొదలు మూడు గంటల లోపల, ముక్కు దిబ్బడ వేసి నీళ్ళు కారి, కన్నులెఱ్ఱబడి, మొగమును మెడయు కందిపోయి, రొమ్ము బిగిసి, పిల్లికూతలు పుట్టి, మాట పెగలనంత ఆయాసము కమ్ముకొనును. ప్రాణాపాయము వరకు పోవుటయు కలదు.

తెల్లవారిన పిమ్మట ఇంటివారు దీనికి చెప్పుకొను కారణములు మూడు నాలుగే: మందు వేడి చేసినది, మందు పాతబడినది, ఆ కంపెనీ మందు పడలేదు, లేదా వాన గాలికి ఎప్పటివలెనే ఆయాసము వచ్చినది. ఇందు చివరి రెండును మిక్కిలి అపాయకరమైనవి. వానగాలి అనుకొన్నవాడు బిళ్ళను అనుమానింపనే అనుమానింపడు. కంపెనీ పడలేదనుకొన్నవాడు మరుసటి తూరి మరియొక పేరు గల బిళ్ళ అడిగి తీసికొనును; పేరు వేరైనను వంశమొక్కటే కనుక మరల అదే ఉపద్రవమునకు లోనగును. డిస్ప్రిన్‌లో నున్నది ఆస్పిరిన్. గుండెజబ్బువారు నిత్యము వేసికొను ఎకోస్ప్రిన్‌లో నున్నదియు ఆస్పిరినే. బ్రూఫెన్‌లో ఐబ్యుప్రోఫెన్, కాంబిఫ్లామ్‌లో ఐబ్యుప్రోఫెనుతోపాటు పారాసిటమాల్, వోవెరాన్‌లో డైక్లోఫెనాక్, నెలసరి నొప్పికి ఆడువారు వాడు మెఫ్టాల్‌లో మెఫెనమిక్ ఆమ్లము. అట్టల మీద పేర్లన్నియు వేరు. దేహములోపల ఇవన్నియు చేయు పని ఒక్కటే. ఆ పనియే కొందరి ఊపిరికి శత్రువు.

ఈ వ్యాధి నడక విచిత్రమైనది. ఇది ఊపిరితిత్తులలో గాక ముక్కులో మొదలగును. ముప్పది నలువది ఏండ్ల ప్రాయమున, అంతవరకు నిశ్చింతగ నున్న మనిషికి, పురుషులలోకంటె స్త్రీలలో కొంత హెచ్చుగ, ఒక పడిశము పట్టి ఎంతకును వదలదు. నెలలు గడచినకొలది వాసన తెలియుట మానును. పొయ్యిమీద పోపు మాడినను ఇల్లాలికి పసి తగులదు. ముక్కులోపల మెత్తని, పాలిపోయిన కండలు పెరుగును. వీనిని వైద్యులు పాలిప్‌లందురు. కోసి తీసినను మరల మరల మొలచుట వీని స్వభావము. కొంతకాలమునకు ఉబ్బసము తోడగును. ఆ పైని ఏదో యొకనాడు, అంతకు మునుపు ఎన్నియో మారులు నిరపాయముగ వేసికొన్న బిళ్ళయే, ఊపిరిని బంధించును. ఈ మూడు లక్షణముల కూటమిని 1922లోనే పారిస్ నగరమున ఫెర్నాన్ విదాల్ అను వైద్యుడు తన సహచరులతో కలసి వర్ణించెను. 1968లో చికాగో నగరమున మాక్స్ సాంటర్, రోలండ్ బీర్స్ అనువారు పెక్కుమంది రోగులను పరిశీలించి ప్రకటించిన పిదప అది సాంటర్ పేరుతోనే లోకమున ప్రసిద్ధమయ్యెను. వివిధ దేశముల పరిశీలనలను ఒకచోట కూర్చి చూచినవారు, పెద్దవారిలో ఉబ్బసము కలవారు నూరుగురుండిన అందు సుమారు ఏడుగురికి, ఉబ్బసము తీవ్రముగ నున్నవారిలోనైనచో సుమారు పదునైదుగురికి, ఈ లక్షణమున్నదని లెక్క తేల్చిరి. ఇది అరుదైన వింత వ్యాధి కాదనుట కీ లెక్క చాలును. నూరుగురిలో తొంబదిమందికి పైగా ఉబ్బసపు రోగులకు ఈ బాధ లేదనుటయు ఈ లెక్కయందే యున్నది. ఆ మాట మరువరాదు, మరల దానికి వత్తును.

దీనిని జనులు అలర్జీ అందురు. వైద్యుల చీటీలలోను ఆ మాటయే కానవచ్చును. కాని పెన్సిలిన్ పడకపోవుటకును దీనికిని పుట్టుకలోనే భేదమున్నది. పెన్సిలిన్ విషయమున దేహము ఆ ఔషధపు ఆకృతిని గుర్తుపట్టి, దానికి ప్రత్యేకముగ ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకమును సిద్ధము చేసికొని, మరల అది ప్రవేశించినప్పుడు విజృంభించును. ఆకృతిని గుర్తుపట్టుటయే కారణమైనచో, ఆకృతిలో ఆస్పిరినుతో పోలికయే లేని ఇండోమెథాసిన్, ఐబ్యుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఒకే మనిషికి ఏల పడకపోవలెను? ఇండోమెథాసినును జీవితమున ఒక్కమారును ఎరుగని రోగికి మొదటి మోతాదుతోనే ఆయాసమేల రావలెను? మరియు, ఆస్పిరినుకు అత్యంత సమీప బంధువైన మామూలు సాలిసిలేటు, దానియందు ఎసిటైల్ అను చిన్న భాగమొక్కటి లేనంత మాత్రమున, ఈ రోగులకు సాధారణముగ సరిపడుట ఎట్లు? ఆకృతి సిద్ధాంతము ఈ ప్రశ్నలకు బదులు చెప్పలేకపోయినది. చర్మముమీద సూదితో గీచి చేయు అలర్జీ పరీక్ష ఈ రోగమున పనికిరాకపోవుటకును ఇదియే హేతువు.

బదులు రెండు మెట్లలో వచ్చెను. బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897లో ఆస్పిరినును శుద్ధరూపమున తయారుచేసిన నాటినుండి డెబ్బది ఏండ్లకు పైగా, కోట్లకొలది జనులు వాడుచున్న ఆ మందు నొప్పిని ఎట్లు తగ్గించుచున్నదో ఎవరికిని తెలియదు. 1971లో లండనులో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు, ఆస్పిరినును దాని వంటి మందులును ప్రోస్టాగ్లాండిన్‌లు అను పదార్థముల ఉత్పత్తిని అడ్డుచున్నవని నిరూపించెను. నాలుగేండ్లకు, 1975లో, పోలండు దేశపు క్రాకో నగరమున ఆంద్జెయ్ ష్చెక్లిక్ అను వైద్యుడు తన సహచరులతో కలసి ఒక సరళమైన ప్రశ్న వేసికొనెను: ప్రోస్టాగ్లాండిన్‌ల ఉత్పత్తిని అడ్డు మందులేవి, అడ్డనివేవి; ఈ రోగులకు ఆయాసము తెచ్చునవేవి, తేనివేవి? పోల్చి చూడగా రెండు పట్టికలును ఒక్కటియే అయ్యెను. ఉత్పత్తిని బలముగ అడ్డునవి స్వల్పమైన మోతాదులోనే ఆయాసము తెచ్చినవి. బలహీనముగ అడ్డునవి పెద్ద మోతాదులో మాత్రమే తెచ్చినవి. అడ్డనివి ఏమియు చేయలేదు. ఈ ఒక్క పోలికతో ఇది ఆకృతికి సంబంధించిన అలర్జీ కాదని, ఔషధము చేయు పనికి సంబంధించిన అసహనమని తేటపడెను. వైద్యశాస్త్ర చరిత్రలో ఇంత తక్కువ పరికరములతో ఇంత పెద్ద చిక్కు విడిపోయిన ఘట్టములు కొన్నియే యుండునని నా అభిప్రాయము.

ఇక లోపలి సంగతి. మన దేహములోని ప్రతి కణపు పొరయందును అరాకిడోనిక్ ఆమ్లమను ఒక క్రొవ్వు ఆమ్లము ఒదిగి యుండును. కణమునకు దెబ్బ తగిలినప్పుడో, క్రిమి సోకినప్పుడో, ధూళి తాకినప్పుడో, అది పొర నుండి విడివడును. విడివడినదానికి ముఖ్యముగ రెండు మార్గములు గలవు. మొదటిది సైక్లోఆక్సిజనేజ్ అను ఎంజైము మార్గము. దీని వలన ప్రోస్టాగ్లాండిన్‌లును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు థ్రాంబాక్సేనును పుట్టును. ఆస్పిరిన్ తనలోని ఎసిటైల్ భాగమును తీసి ఈ ఎంజైములోని సెరీన్ అను అమైనో ఆమ్లమునకు అతికించి, ఆ ద్వారమును శాశ్వతముగ మూసివేయును. గుండెజబ్బులో దాని మేలును, ఈ రోగులలో దాని కీడును, ఈ అతుకునుండియే పుట్టుచున్నవి. రెండవది 5-లైపాక్సిజనేజ్ అను ఎంజైము మార్గము. దీని వలన ల్యూకోట్రయీన్‌లు పుట్టును. 1938లో ఆస్ట్రేలియాలో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే అనువారు నాగుపాము విషమును గినీ పిగ్ ఊపిరితిత్తుల గుండ ప్రవహింపజేయగా, కండరమును మెల్లగ, దీర్ఘకాలము బిగబట్టు ఒక అజ్ఞాత పదార్థము బయటపడెను. అది ఏమో తెలియుటకు నలువది ఏండ్లు పట్టినది. స్వీడను దేశమున బెంగ్ట్ సామ్యుయెల్‌సన్ 1979 ప్రాంతమున అది సిస్టీనుతో కూడిన ల్యూకోట్రయీన్‌ల సమూహమని తేల్చెను. 1982లో ఆయనకును, వేనునకును, సునె బెర్గ్‌స్ట్రామునకును నోబెల్ బహుమానము కలిసి లభించెను. శ్వాసనాళములను బిగించుటలో ఈ ల్యూకోట్రయీన్‌లు హిస్టమిన్ కంటె సుమారు వెయ్యి రెట్లు బలమైనవి. నాళములను బిగించుటయే గాక, లోపలి పొరను వాచజేయును, శ్లేష్మమును ఊరజేయును, ఇయోసినోఫిల్ అను తెల్ల రక్తకణములను పిలిచి గుమిగూర్చును. ఉబ్బసమనగా ఇంచుమించు ఇదియే.

ఇచట మొదట అందరికిని తోచిన వివరణ మన రైతునకు సులభముగ అర్థమగును. ఒక చెరువునకు రెండు తూములుండగా ఒకదానిని మూసివేసినచో రెండవ తూమున నీరు హెచ్చుగ పారును. అట్లే సైక్లోఆక్సిజనేజ్ మార్గమును ఆస్పిరిన్ మూయగానే అరాకిడోనిక్ ఆమ్లమంతయు ల్యూకోట్రయీన్‌ల మార్గమున పొర్లుచున్నదని పూర్వులు భావించిరి. చెప్పుటకు ఇంపైన వివరణమే గాని చాలదు. అదియే నిజమైనచో ఆస్పిరిన్ వేసికొన్న ప్రతి ఉబ్బసపు రోగికిని, ఆ మాటకు వచ్చిన ప్రతి మనుష్యునకును, ఆయాసము రావలెను గదా! రాదు. కనుక భేదము మందులో గాక మనిషిలో ఉండవలెను. ఆ భేదమేమని వెదకినప్పుడే ఈ శాస్త్రము నిజముగ లోతునకు దిగినది.

సైక్లోఆక్సిజనేజ్ మార్గమున పుట్టు ప్రోస్టాగ్లాండిన్‌లలో ఇ2 అనునది ఒకటి కలదు. ఇతర స్థలములలో నొప్పిని, జ్వరమును, వాపును కలిగించు ఈ ఇ2, ఊపిరితిత్తులలో మాత్రము రక్షకుని పని చేయును. మాస్టు కణముల మీదను ఇయోసినోఫిల్‌ల మీదను ఉన్న గ్రాహకములకు తగులుకొని, 5-లైపాక్సిజనేజ్ మితిమీరి పనిచేయకుండ అదుపులో నుంచును. సామాన్యునియందు ఈ అదుపు కొంత తగ్గినను నష్టము లేదు. అదుపు చేయవలసినంత ఉద్రేకము అచట లేదు. ఈ రోగియందు స్థితి వేరు. ఆతని ముక్కును శ్వాసనాళములును ఏ మందు వేయకముందే ఇయోసినోఫిల్‌లతోను మాస్టు కణములతోను నిండి యుండును. ల్యూకోట్రయీన్ తుది రూపమైన ఇ4 ఆతని మూత్రమున మామూలు దినములలోనే ఇతర ఉబ్బసపు రోగులకంటె హెచ్చుగ కనబడును. ల్యూకోట్రయీన్ సి4ను తయారుచేయు ఎంజైము గల కణములు, ఈ రోగుల శ్వాసనాళపు పొరలలో, ఆస్పిరిన్ పడు ఉబ్బసపు రోగులకంటె సుమారు ఐదు రెట్లు హెచ్చుగ నున్నవని 1998లో ప్రకటితమైన ఒక పరిశీలన చూపినది. తరువాత 2012లో బోస్టను పరిశోధకులు మరియొక సంగతి కనుగొనిరి: ఈ రోగుల రక్తములో ప్లేట్‌లెట్లు తెల్ల రక్తకణములకు అంటుకొని తిరుగుచు, ఆ కణములు సగము తయారుచేసిన సరుకును తాము అందుకొని ల్యూకోట్రయీనుగ పూర్తి చేయుచున్నవి. ఇంతటి ఉద్రేకమును నిలుపుచున్నది, ఉన్న కొద్దిపాటి ఇ2 ఒక్కటియే. ఆస్పిరిన్ గాని, బ్రూఫెన్ గాని, డైక్లోఫెనాక్ సూది గాని ప్రవేశించి సైక్లోఆక్సిజనేజ్-1ను మూయగానే ఆ ఇ2 పడిపోవును. మాస్టు కణములు పగిలి, ల్యూకోట్రయీన్‌లును హిస్టమినును ప్రోస్టాగ్లాండిన్ డి2యు ఒక్కుమ్మడిగ వెలువడును. అరగంటలో ముక్కు దిబ్బడ, గంటలో ఆయాసము. మూత్రములోని ఇ4 ఆ సమయమున అనేక రెట్లు పెరుగుట ప్రత్యక్ష సాక్ష్యము.

సైక్లోఆక్సిజనేజ్ రెండు విధములని, ఒకటవ విధమును ముట్టక రెండవ విధమును మాత్రమే అడ్డు సెలికాక్సిబ్ వంటి మందులు ఈ రోగులలో బహుజనులకు సరిపడుచున్నవని తేలుట ఈ సిద్ధాంతమునకు చివరి ముద్ర.

ఈ కథలో మన తెలుగువారి పాత్రయు లేకపోలేదు. భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వము వహించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున 1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డైఇథైల్‌కార్బమజైన్, బోదకాలు వ్యాధికి మందుగ మన కోస్తా జిల్లాలలో ఇంటింటికిని తెలిసినదే. ఫైలేరియా క్రిములకు దేహము తిరుగబడుట వలన రాత్రులందు దగ్గు, ఆయాసము, రక్తములో ఇయోసినోఫిల్‌ల పెరుగుదల కనబడు ట్రాపికల్ ఇయోసినోఫిలియా అను వ్యాధికిని అదియే మందయ్యెను. సుబ్బారావుగారు 1948లో పరమపదించిన ఇరువది ఏండ్లకు, ఆ మందు క్రిములమీదనే గాక, నాగుపాము విషముతో బయటపడిన ఆ అజ్ఞాత పదార్థపు ఉత్పత్తి మీదను పనిచేయుచున్నదని అమెరికా పరిశోధకులు ప్రయోగ జంతువులలో చూపిరి. ల్యూకోట్రయీన్ అను పేరే పుట్టని నాటి మాట యిది. హెట్రజాన్ ఉబ్బసమునకు మందుగ నిలువలేదు. దానిని ఉబ్బసమునకు వాడుమని నేను చెప్పుటలేదు. ఐనను, ల్యూకోట్రయీన్‌లను అరికట్టి ఊపిరిని కాపాడవచ్చునను తలపునకు తొలినాళ్ళలో బలమిచ్చిన ద్రవ్యములలో ఒకటి తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినదనుట మనము గుర్తుంచుకొనదగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున పల్లు రెడ్డన్నగారును వారి శిష్యులును ఈ లైపాక్సిజనేజ్, సైక్లోఆక్సిజనేజ్ ఎంజైములనే దశాబ్దములుగ పరిశోధించిరి. ఉర్లగడ్డ నుండి 5-లైపాక్సిజనేజును శుద్ధిచేయు పద్ధతిని రెడ్డన్నగారు అమెరికాలోని సహచరులతో కలసి 1990లో ప్రకటించిరి. ఇంత విద్య మన భాష వారి చేతులలోనే యుండగా, దాని సారము దొరవారిసత్రపు మందుల అంగడి వరకు దిగిరాకపోవుట నాకు బాధ కలిగించుచున్నది.

రసాయన జ్ఞానము చికిత్సను ఎట్లు మార్చినదో ఒక మాటలో చెప్పి ముందునకు పోయెదను. ల్యూకోట్రయీనుల గ్రాహకమును మూయు మాంటెలుకాస్ట్ 1998లో వచ్చినది. మన మందుల అంగళ్ళలో అది సర్వసామాన్యము. కొందరి మనఃస్థితిని అది చెడగొట్టుచున్నదని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేసినది గనుక, దానినైనను వైద్యుని ఎరుకలేక ఏండ్లకొలది వాడరాదు. అది వాడుచున్నాము గదాయని నొప్పి బిళ్ళ వేసికొనుట మరింత తప్పు. ఇన్‌హేలరు ద్వారా తీసికొను స్టెరాయిడే ఇప్పటికిని ఉబ్బస చికిత్సకు పునాది. ఆస్పిరినునే అతి స్వల్పపు మోతాదులతో మొదలిడి, క్రమముగ పెంచి, దేహమును అలవాటు పరచు పద్ధతియు కలదు. విదాల్ తన 1922 నాటి రోగియందే దానిని సాధించెను. గుండెకు ఆస్పిరిన్ తప్పనిసరియైనవారికి, పాలిప్‌లు మాటిమాటికి మొలచువారికి అది వరము వంటిది. కాని అది పెద్ద ఆసుపత్రిలో, ఊపిరి కొలిచెడు యంత్రమును అత్యవసర చికిత్సయు చేరువనుండగా జరుగవలసిన పని. ఒకమారు అలవాటు పడినను, కొన్ని దినములు మందు మానినచో ఆ రక్షణ పోవును. ఇంటిలో స్వయముగ ప్రయత్నించుట ప్రాణముతో చెలగాట మాడుటయే.

ఇప్పుడు నా అసలు అభియోగమునకు వత్తును. మన దేశపు 1945 నాటి ఔషధ నియమములలో కె అనుబంధము ప్రకారము, వెయ్యికి మించని జనాభా గల పల్లెలలో కొన్ని గృహౌషధములను మందుల లైసెన్సు లేకుండనే అమ్మవచ్చును. ఆ జాబితాలో ఆస్పిరిన్ బిళ్ళలు ఉన్నవి. ఉప్పు, పప్పు అమ్ము అంగడిలో ఆస్పిరిన్ దొరకుట చట్టవిరుద్ధము కాదన్న మాట. వైద్యుడు దూరమున నున్న పల్లెలకు ఈ సడలింపు అవసరమే. దానిని తీసివేయుమని నేను కోరను. డైక్లోఫెనాక్ వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన హెచ్ అనుబంధమునకు చెందినది; ఐనను చీటీ లేకుండ అది ఎంత సులభముగ దొరకునో పాఠకులెరుగనిది కాదు. సూదిగ వేసినప్పుడు దాని వేగము మరింత హెచ్చు. ఎవరి చేతిలో ఏ మందుండవలెనను తగవు పెద్దది. అది తీరువరకు రోగులు ఆగలేరు. అంతలోపల, ఆ మందు ఎవరి చేతిలో నున్నను, వారికి ఆ ఒక్క ప్రశ్న నేర్పవచ్చును గదా.

అట్టమీద హెచ్చరిక యున్నదని కొందరందురు. ఉన్నది, చీమ తలకాయంత అక్షరములలో, ఇంగ్లీషులో, కత్తిరించి ఇచ్చిన రెండు బిళ్ళల ముక్కమీద కానరాని చోట నున్నది. ఉబ్బసము కలవారు వైద్యుని అడుగక వాడరాదని, ఒక్క వాక్యము, తెలుగులో, ప్రతి బిళ్ళ వెనుకను ముద్రింపించుట ప్రభుత్వమునకు అసాధ్యమని నేను నమ్మను. అది జరుగువరకు, మండలములోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ఉబ్బసపు రోగి చీటీ పై భాగమున ‘నొప్పి బిళ్ళ పడునా, పడదా’ అని ఎఱ్ఱ సిరాతో వ్రాయు అలవాటు చేసికొనవచ్చును. ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తలకు, ముక్కు వాసన పోయిన ఉబ్బసపు రోగి కనబడినచో ప్రత్యేకముగ హెచ్చరించుమని నేర్పవచ్చును. మృగశిర కార్తె వచ్చినదనగానే హైదరాబాదు నాంపల్లి మైదానమున చేప మందు కొఱకు వేలకొలది జనులు బారులు తీరుటను మనము చూచుచున్నాము. ఆ మందు గుణము శాస్త్రపరీక్షకు నిలిచినది కాదు. కాని ఆ బారులను చూచి నవ్వువారితో నేను కలియను. ఊపిరి ఆడని మనిషి ఎంత దూరమైన పోవునని అవి చెప్పుచున్నవి. అంత దూరము పోవుటకు సిద్ధపడినవారికి, ఇంటి ప్రక్కనే దొరకు ఈ చిన్న జాగ్రత్త తెలియకపోవుట న్యాయమా?

ఇట్లు చెప్పినచో ఉబ్బసపు రోగులందరును బెదరి, అక్కరకు వచ్చు మందులను గూడ మానుదురని కొందరు వైద్యులు శంకింపవచ్చును. ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. ఉబ్బసము కలవారిలో అత్యధికులకు ఆస్పిరిన్ నిరపాయకరము. ముఖ్యముగ గుండెపోటు వచ్చిన పిమ్మట వైద్యుడు వ్రాసిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, ఇన్నాళ్ళుగ సరిపడుచుండగా, ఈ వ్యాసము చదివి మానుట పెద్ద ప్రమాదము. మానదలచినవారు మొదట ఆ వైద్యునితో మాటాడవలెను. కాని భయపడుదురేమోయని నిజమును దాచుట నాకు సమ్మతము కాదు; ప్రశ్న అడిగినచో భయము తగ్గునే గాని పెరుగదు. పదిమారులు నొప్పి బిళ్ళ వేసికొని ఏమియు కాని రోగి నిశ్చింతగ పోవును. ఒకమారు ఆయాసపడినవాడు జాగ్రత్తపడును. పాలిప్‌లుండి, వాసన తెలియక, నొప్పి బిళ్ళ ఎన్నడును ఎరుగనివాడు వైద్యుని చెంతకు పోవును.

జ్వరమునకును నొప్పికిని ఈ రోగులకు సాధారణముగ పారాసిటమాల్ సరిపడును. అదియైనను ఒక మోతాదుకు 500 మిల్లీగ్రాములు మించక వాడుట మేలు. వెయ్యి మిల్లీగ్రాములు, అంతకు పైని వేసినప్పుడు వీరిలో ఇంచుమించు మూడింట ఒకవంతు మందికి స్వల్పముగ ఇబ్బంది కలిగినట్లు పరీక్షలలో తేలినది. పారాసిటమాల్ అని తలచి అందులో ఐబ్యుప్రోఫెన్ కలిసిన బిళ్ళను తీసికొనకుండ అట్టమీది చిన్న అక్షరములను ఎవరిచేతనైన చదివించుకొనవలెను. కంటిలో వేయు కెటోరోలాక్ చుక్కలును ఈ వంశమునకే చెందినవి.

మీ ఇంట ఉబ్బసము కలవారుండి, వారికి వాసన తెలియుట తగ్గియున్నను, ముక్కులో పాలిప్‌లు ఉన్నను, ఏనాడైనను నొప్పి బిళ్ళ తరువాత ఆయాసము వచ్చియున్నను, ఆ సంగతిని వైద్యునికి చెప్పి రూఢి చేసికొనుడు. పడదని తేలినచో ఆస్పిరిన్, ఐబ్యుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, పైరాక్సికామ్, కెటోరోలాక్, మెఫెనమిక్ ఆమ్లము అను పేర్లను ఒక కాగితముమీద తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాయించి, ఆధారు కార్డుతోపాటు జేబులో నుంచుడు. మందుల అంగడివానికి, సూది వేయువానికి, పన్ను తీయువానికి, శస్త్రచికిత్స చేయు వైద్యునికి, వారు అడుగకున్నను మీరే ముందుగ చూపుడు. బిళ్ళ వేసికొన్న తరువాత ఆయాసము మొదలైనచో తెల్లవారువరకు వేచియుండక, దగ్గరనున్న ఇన్‌హేలరు పీల్పించి, వెంటనే 108కి ఫోను చేయుడు.